ఇల్లు అమ్మినప్పుడు ఏవి ఇంటివి? ఏవి మనవి?

ప్రతి సంవత్సరం మన విద్యార్థి సంఘం వారు సావనీరుకు వ్యాసం అడగడం, నేను రాజ్యాంగం మీదనో, న్యాయవ్యవస్థ మీదనో నాలుగు పేజీలు రాసి ఇవ్వడం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి సంఘం కార్యదర్శి నా గదికి వచ్చి, "సార్, ఈ ఏడాది పరీక్షకి కాకుండా బతుక్కి పనికొచ్చేది ఏదైనా రాయండి" అన్నాడు. ఆ మాట నాకు కాస్త గుచ్చుకున్నది. అయినా అందులో న్యాయం లేకపోలేదు. కనుక ఈసారి సుప్రీంకోర్టు మెట్ల మీంచి దిగి ఇంటి గుమ్మం దగ్గర ఆగుతున్నాను.

ప్రస్తుతాంశం ఏమిటంటే, ఇల్లు అమ్మేటప్పుడు ఆ ఇంట్లో వున్న వస్తువుల్లో ఏవి కొన్నవారికి చెందుతాయి, ఏవి అమ్మినవారు తీసుకుపోవచ్చు అన్నది. వినడానికి చిన్న విషయం. కాని లక్షల మీద బేరం సాఫీగా తెగి, చివరికి నూతి గిలక దగ్గర పేచీ పడ్డ పెద్దమనుషుల్ని నేనెరుగుదును. వారిలో మా కుటుంబం కూడా వుంది గనుక ముందు ఆ సంగతే చెబుతాను.

మా ఇంటి సంగతి

2009లో, అప్పటి తూర్పుగోదావరి జిల్లాలో, అమలాపురానికి దగ్గర్లో వున్న మా తాతగారి మండువా లోగిలి అమ్మేశాం. అందులో కాపురం వుండేవారు లేరు. మా నాన్న, బాబాయి ఉద్యోగాల మీద ఊరు విడిచి ముప్పయ్యేళ్ళు దాటింది. పెంకులు జారిపోయి, వానాకాలం మండువాలోనే కాదు, గదుల్లోనూ కురుస్తున్నది. కొన్నాయన పక్క ఊళ్ళో పనిచేసి రిటైరైన బడిపంతులు. బేరం రెండు మాటల్లో తెగింది. ఆయన బయానా ఇచ్చారు, అగ్రిమెంటు రాసుకున్నాం, మూడు నెలల్లో రిజిస్ట్రేషను అయిపోయింది.

దస్తావేజు లేఖరి పాత పద్ధతి మనిషి. చతుస్సరిహద్దులు పొల్లుపోకుండా రాసి, చివర "నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగములతో సహా" అని తన అలవాటు ప్రకారం ముగించాడు. నేను ఒకటికి రెండుసార్లు చదివి, తప్పుల్లేవని చెప్పి, సంతకానికి నాన్నకి అందించాను. భూమిలో దాగివున్న నిధి దగ్గర నుంచి పైన పడివున్న రాయి దాకా అన్నీ రాసుకున్నాం. వసారాలో కళ్ళ ఎదుట ఊగుతున్న ఉయ్యాల మాట మాత్రం ఒక్కరికీ తోచలేదు.

తాళంచెవులు అప్పగించే రోజున నేనూ వెళ్ళాను. తలుపు తీసి లోపలికి వెళ్ళేసరికి మూడు వస్తువులు లేవు. వసారాలో ఉయ్యాల బల్ల, దాని ఇత్తడి గొలుసులు లేవు. దూలానికి కొక్కేలు మాత్రం వున్నాయి. పెరట్లో నూతి మీద గిలక లేదు. సింహద్వారం పైకమ్మికి బిగించివున్న గజలక్ష్మి చెక్కడపు పలక లేదు. అది వుండాల్సిన చోట చెక్క తెల్లగా కనబడుతున్నది, నాలుగు మేకుల చిల్లులు వున్నాయి. ముందు వారమే మా బాబాయి మినీ లారీ తెచ్చి సామాను పట్టుకెళ్ళిన సంగతి నాకు తెలుసు. ఆ సామానులో ఇవి కూడా వున్నాయని తెలియదు.

మాస్టారు కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. "ఇల్లు చూడ్డానికొచ్చిన రోజున మా ఆవిడ ఆ ఉయ్యాల మీద కూచుంది బాబూ. మా ఇంట్లో ఇల్లు కొనడం ఆ పూటే అయిపోయింది. నేను బయానా ఇవ్వడం తరవాతి మాట" అన్నారు. కాస్సేపాగి, "నూతి గిలక కూడా ఇల్లు కాదని నాకు తట్టలేదు సుమండీ" అన్నారు.

అక్కణ్ణుంచే బాబాయికి ఫోను చేశాను. "అమ్మింది ఇల్లురా, మా అమ్మ ఉయ్యాలని కాదు" అని పెట్టేశాడు.

ఇక్కడ నా సిగ్గు కూడా దాచుకోకుండా చెప్పాలి. సరిగ్గా ఆ వారమే నేను క్లాసులో ఆస్తి బదలాయింపు చట్టం 8వ సెక్షను పాఠం చెప్పాను. ఆ సెక్షను ఈ విషయం గురించే మాట్లాడుతుంది. పాఠం క్లాసులో వుండిపోయింది, నేను ఊరికి వెళ్ళిపోయాను.

మాస్టారి మాటా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు, బాబాయి మాటా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. అందుచేత ఇప్పుడైనా పాఠాన్ని గుమ్మం దాకా తీసుకువచ్చి, ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో ఇళ్ళ అమ్మకానికి ఆధారం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులో రెండు చోట్లు మనకు ముఖ్యం.

మొదటిది 3వ సెక్షను. "భూమికి సంలగ్నమైనది" అంటే ఏమిటో అది మూడు విధాలుగా చెబుతుంది. వేళ్ళతో భూమిలో నాటుకున్నవి, అంటే చెట్లూ పొదలూ. భూమిలో పాతుకుని వున్నవి, అంటే గోడలూ కట్టడాలూ. మూడోది, అలా పాతుకున్నదానికి తగిలించినవి. కాని మూడోదానికి ఒక షరతు వుంది. తగిలించడం దేనికి తగిలించారో దాని శాశ్వతమైన ప్రయోజనకర అనుభవం కోసం జరగాలి. విద్యార్థులు ఈ షరతు దగ్గర తొందరపడి పేజీ తిప్పేస్తుంటారు. పాఠమంతా అక్కడే వుంది. గోడకి మేకు కొట్టారా అని చట్టం అడగడం లేదు. ఆ మేకు గోడ మేలు కోసం కొట్టారా, తగిలించిన వస్తువు మేలు కోసం కొట్టారా అని అడుగుతున్నది.

రెండోది 8వ సెక్షను. వేరే ఉద్దేశం చెప్పకపోతే, లేదా సందర్భాన్ని బట్టి తప్పనిసరిగా స్ఫురించకపోతే, బదలాయింపుతో పాటు ఏమేమి వెళతాయో అది చెబుతుంది. ఆస్తి ఇల్లయితే తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంకా ఆ ఇంటితో కలిపి శాశ్వతంగా వాడుకోవడానికి ఏర్పాటు చేసిన ఇతర వస్తువులు అన్నీ కొన్నవారికి చేరతాయి. భూమికి బిగించిన యంత్రాలుంటే వాటి కదిలే భాగాలు కూడా చేరతాయి.

ఈ జాబితాలో తాళంచెవి వుండటం చూడండి. తాళంచెవి దేనికీ బిగించి వుండదు. యజమాని జేబులో ఊరంతా తిరిగి వస్తుంది. అయినా అది ఇంటిదే. ఎందుకంటే ఇల్లు లేకపోతే దానికి పనిలేదు, అది లేకపోతే ఇంటికి జరుగుబాటు లేదు. కాబట్టి "ఊడదీస్తే వచ్చేస్తుంది, కనుక నాది" అనే వాదం చట్టం ముందు నిలవదు. తలుపూ ఊడదీస్తే వస్తుంది.

రెండు ప్రశ్నలు

ఒక వస్తువు ఇంటిదా, మనిషిదా అని తేల్చడానికి కోర్టులు రెండు ప్రశ్నలు వేస్తూ వచ్చాయి. ఎంత గట్టిగా తగిలించారు? ఎందుకు తగిలించారు? ఈ రెండింటినీ స్పష్టంగా నిలబెట్టిన తీర్పు ఇంగ్లాండులో 1872 నాటి హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్. ఒక మిల్లు యజమాని మిల్లును తాకట్టు పెట్టి తరువాత దివాలా తీశాడు. మిల్లులోని మగ్గాలు నేలకి మేకులతో బిగించి వున్నాయి. అవి తాకట్టు పట్టినవారివా, తక్కిన అప్పులవాళ్ళ తరఫువారివా అన్నది తగాదా. మగ్గాలు మిల్లులో భాగమే, తాకట్టుతో పాటు పోయాయి అని తీర్పు వచ్చింది.

అందులో జస్టిస్ బ్లాక్‌బర్న్ ఇచ్చిన ఉదాహరణలు ఎన్నేళ్ళు చెప్పినా నాకు విసుగు పుట్టవు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి పొలానికి గోడ కడితే అది భూమిలో భాగమే. అవే రాళ్ళని మేస్త్రీ తన దొడ్లో చోటు కలిసొస్తుందని గోడలాగా పేర్చుకుంటే అవి ఉత్త సరుకే. ఓడ లంగరు నేలలో ఎంత గట్టిగా దిగబడినా అది నేలలో భాగమని ఎవరూ అనుకోరు. అంటే గట్టితనం ఒక్కటే చాలదు, ఉద్దేశం చూడాలి. రుజువు భారం ఎవరిదో కూడా ఆయనే చెప్పారు. తన బరువుతో తాను నిలబడే వస్తువు మామూలుగా ఇంటిది కాదు, ఇంటిదనేవారు రుజువు చెయ్యాలి. కొంచెమైనా బిగించి వున్నది మామూలుగా ఇంటిదే, కాదనేవారు రుజువు చెయ్యాలి.

ఈ సూత్రానికి రెండు చివరలూ చూపించే కేసులు రెండున్నాయి. 1866 నాటి డెయిన్‌కోర్ట్ వర్సెస్ గ్రెగరీలో ఒక పెద్ద భవనంలోని రాతి సింహాలు, తోటలోని రాతి ఆసనాలు దేనికీ బిగించి లేవు. అయినా అవి ఆ భవనపు శిల్ప ప్రణాళికలో భాగం గనుక ఇంటివే అన్నారు. 1902లో లీ వర్సెస్ టేలర్ కేసులో గోడలకి మేకులతో బిగించిన ఖరీదైన చిత్రపు తెరలు మాత్రం ఇంటివి కావన్నారు. వాటిని తెరలుగా చూసి ఆనందించడానికి అలా బిగించక తప్పదు, అంతే తప్ప గోడని బాగుచెయ్యడానికి కాదు. బిగించనిది ఇంటిదయింది, బిగించినది మనిషిదయింది!

మన కాలానికి దగ్గరగా వచ్చేది 1996 నాటి బోథమ్ వర్సెస్ టీఎస్‌బీ బ్యాంకు తీర్పు. లండన్‌లో ఒక ఫ్లాటులోని వస్తువుల మీద తగాదా. స్నానాలగది కుళాయిలు, తువ్వాలు కడ్డీలు, సబ్బుగిన్నెలు, వంటింట్లో బిగించిన అలమరాలు, సింకు ఇవి ఇంటివన్నారు. తివాచీలు, కర్టెన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటివి ఇంటివి కావన్నారు. ఇంగ్లీషు తీర్పులు మన కోర్టులను కట్టడి చెయ్యవు. అయినా మన 3వ సెక్షనులోని షరతుని అర్థం చేసుకోవడానికి ఇవి పనికొస్తాయి.

మన దేశపు తేడా

ఇంగ్లీషు చట్టానికి పునాదిగా ఒక పాత రోమను సూత్రం వుంది. భూమికి తగిలించినది భూమిదే అవుతుంది అని దాని భావం. మన దేశంలో ఈ సూత్రాన్ని యథాతథంగా ఒప్పుకోలేదు. 1866లోనే కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచి, చీఫ్ జస్టిస్ సర్ బార్న్స్ పీకాక్ నాయకత్వాన, ఠాకూర్ చందర్ పరమానిక్ కేసులో ఈ దేశపు ఆచారం అది కాదని చెప్పింది. పరాయి నేల మీద కట్టినంత మాత్రాన కట్టడం నేల యజమానిదైపోదు.

దీని ఛాయ అద్దెకుండేవారి విషయంలో కనబడుతుంది. 108వ సెక్షను ప్రకారం కౌలుదారు గాని, అద్దెదారు గాని తాను తగిలించినదాన్ని, ఇల్లు తన స్వాధీనంలో వున్నంతకాలం తీసుకుపోవచ్చు. ఇంటిని తనకిచ్చిన స్థితిలో వదలాలి, ఖాళీ చేసిన తరువాత వచ్చి అడగకూడదు. హాస్టలు దొరక్క గదులద్దెకు తీసుకున్న మన విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి. మీరు పెట్టించుకున్న ఫ్యాను మీదే, దాన్ని విప్పిన చోట వైర్లు వేలాడదీసి వెళ్ళడం మాత్రం కుదరదు.

అమ్మేవాడికి ఈ వెసులుబాటు లేదు. అద్దెదారు పరాయి ఇంట్లో తన కోసం బిగించుకున్నాడు. యజమాని తన ఇంటినే బాగుచేసుకున్నాడు. బిగించిన మేకు ఒకటే, బిగించిన మనిషి వేరు. అందుకే ఫలితం వేరు.

గుమ్మం నుంచి పెరటి దాకా

ఇక ఇల్లంతా ఒకసారి తిరిగి వద్దాం.

గుమ్మం దగ్గర తగాదా తక్కువ. ద్వారబంధం, తలుపులు, గడియలు, తాళం, దాని చెవులన్నీ ఇంటివే. ద్వారానికి అందం కోసం చెక్కించి దానిలో భాగంగా కూర్చిన పలక కూడా ఇంటిదే. గోడకి తగిలించిన తాతగారి ఫోటో అలా కాదు. మేకు ఇంటిది, ఫోటో మనవడిది.

హాల్లో గోడలో కట్టిన బీరువాలు, అటక, గూళ్ళు ఇంటివి. విడిగా నిలబెట్టిన ఇనప బీరువా మనిషిది. టీవీని గోడకి ఎన్ని మరలతో బిగించినా అది టీవీ చూడటానికే. సీలింగు ఫ్యాన్ల దగ్గరే అసలు గొడవ. కొక్కెం ఇంటిదని ఎవరైనా ఒప్పుకుంటారు. ఫ్యాను నాదని అమ్మినవాడు, బిగించి వుంది గనుక నాదని కొన్నవాడు అంటారు. రెండువైపులా వాదం వుంది. ఎయిర్ కండిషనర్లు, గీజర్లు, ఇన్వర్టరు, దాని బ్యాటరీ, మేడ మీది సౌరశక్తి పలకలు ఈ తరగతిలోవే. వీటిని తీర్పుకి వదిలిపెట్టకూడదు, కాగితం మీద పెట్టాలి.

వంటింట్లో గట్టు, సింకు, బిగించిన అలమరాలు వుండిపోతాయి. స్టవ్వు, ఫ్రిజ్ వెళ్ళిపోతాయి. గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు అమ్మేవాడివీ కావు, కొనేవాడివీ కావు. అవి డిపాజిట్టు మీద కంపెనీ ఇచ్చినవి, పద్ధతి ప్రకారం అప్పగించడమో, బదిలీ చేయించుకోవడమో చెయ్యాలి. కరెంటు కనెక్షను కూడా గోడకి మీటరున్నంత మాత్రాన దానంతటది కొన్నవారి పేరుకి మారదు, దరఖాస్తు పెట్టి మార్పించుకోవాలి.

పెరట్లో నుయ్యి ఇంటిది. గిలక ఆ నూతిని వాడుకోవడానికి శాశ్వతంగా పెట్టినది గనుక ఇంటిదే. చేంతాడు, బిందె మనిషివి. బోరులో దించిన మోటారు గిలక దారినే పోతుంది. తులసికోట కట్టడం, ఇంటిది. రుబ్బురోలు నేలలో పాతి చుట్టూ గచ్చు చేసి వుంటే ఇంటిది, దొర్లించుకుపోయేదయితే మనిషిది. పూలకుండీలు మనిషివి.

చెట్ల సంగతి కొంచెం చిక్కు. చట్టం ప్రకారం నిలిచివున్న కలప, పెరుగుతున్న పంట, గడ్డి స్థిరాస్తి కావు. తక్కిన చెట్లు స్థిరాస్తే. 1958లో శాంతాబాయి కేసులో జస్టిస్ వివియన్ బోస్ దీన్ని విడమరిచారు. కలపగా పనికొచ్చే దశకు వచ్చి, త్వరలో కొట్టెయ్యడానికి వుద్దేశించినదే "నిలిచివున్న కలప". ఇంకా నేల సారం తాగుతూ వుండవలసిన చెట్టు నేలతోనే వుంటుంది. కాబట్టి పెరట్లో కాపుకొచ్చిన మామిడిచెట్టూ, కొబ్బరిచెట్టూ ఇంటితో పోతాయి. చెట్టుమీది కాయల సంగతి వేరు. కోనసీమలో కొబ్బరితోటతో ఇల్లు అమ్మేవారు ఈ విడత దింపు ఎవరిదో మాట అనుకోవడం మంచిది.

ఫ్లాటు అమ్మేవారికి ఇంకొక మాట. లిఫ్టు, జనరేటరు, నీళ్ళ మోటారు వంటివి ఒకరి సొత్తు కావు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టం వాటిని ఉమ్మడి సౌకర్యాలుగా చూస్తుంది. అమ్మేవాడి వాటా ఫ్లాటుతో పాటే పోతుంది.

కాగితం మీద ఏం రాయాలి?

8వ సెక్షను మొదట్లోనే "వేరే ఉద్దేశం చెప్పకపోతే" అనే మాట వుంది. అంటే ఈ పాఠమంతా మీరు నోరు మెదపకపోతే జరిగేది. మీరు రాసుకుంటే మీరు రాసుకున్నదే జరుగుతుంది. ఉయ్యాల నాదేనని అమ్మేవాడు రాసుకోవచ్చు. ఫ్యాన్లు కూడా కలిపేనని కొనేవాడు రాయించుకోవచ్చు.

ఎప్పుడు రాయాలన్నది ముఖ్యం. రిజిస్ట్రారాఫీసు వరండాలో కాదు, బయానాకి ముందు. కొనేవారితో కలిసి గది గదీ తిరిగి, ఒక కాగితం మీద రెండు వరుసలు రాయాలి. ఒక వరుస "ఇంటితో వుండేవి". రెండో వరుస "అమ్మినవారు తీసుకుపోయేవి". ఫోనుతో ఫోటోలు తీసి జతచేస్తే మరీ మంచిది. అగ్రిమెంటులో ఇలా ఒక్క వాక్యం చాలు: "ఇందువెంట జతపరచి ఉభయులము సంతకములు చేసిన జాబితాలో మొదటి వరుసయందలి వస్తువులు షెడ్యూలు ఇంటితో సహా కొనుగోలుదారునికి చెందవలెను, రెండవ వరుసయందలి వస్తువులను అమ్మకందారు స్వాధీనమిచ్చు తేదీలోపల తన ఖర్చుపై తీసికొని, ఆయా స్థలములను మరమ్మతు చేయించి ఇవ్వవలెను."

నోటిమాట చాలదా అనవచ్చు. మంచివాళ్ళ మధ్య చాలుతుంది. మంచివాళ్ళకీ జ్ఞాపకం చెదురుతుంది. పైగా రాసుకున్న ఒప్పందంలోని షరతుకి విరుద్ధంగా నోటిమాటని రుజువు చెయ్యడానికి సాక్ష్య చట్టం సామాన్యంగా ఒప్పుకోదు. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. ఈ నియమం మాత్రం అందులోనూ కొనసాగింది.

అగ్రిమెంటుకీ స్వాధీనానికీ మధ్యకాలంలో ఇల్లు అమ్మేవాడి చేతిలోనే వుంటుంది. ఆ రోజుల్లో తెలివైన యజమాని తన ఆస్తిని చూసుకున్నట్టే దాన్ని చూసుకోవాలని 55వ సెక్షను చెబుతున్నది. బయానా తీసుకున్న తరువాత గోడలోంచి ఏదైనా ఊడదీసేవారు ఈ సెక్షను ఒకసారి చదువుకోవాలి.

స్టాంపు ఖర్చు తగ్గుతుందని ఇంటి భాగాలను "చరాస్తి"గా రాయించే తెలివితేటలు కొందరికుంటాయి. అది పనికిరాదు. డంకన్స్ ఇండస్ట్రీస్ కేసులో ఒక ఎరువుల కర్మాగారం అమ్మకం మీద ఇదే ప్రశ్న వచ్చింది. యంత్రాలను చరాస్తిగా విడిగా అప్పగించాం, అవి దస్తావేజులో లేవు అన్నది వాదం. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. శాశ్వతంగా నడపడానికి భూమికి బిగించిన కర్మాగారం స్థిరాస్తే, దాని మీద కూడా స్టాంపు సుంకం కట్టవలసిందే అన్నది. కాగితం మీద పేరు మారిస్తే వస్తువు స్వభావం మారదు. జాబితా రాయవలసింది నిజం చెప్పడానికి, దాచడానికి కాదు.

తిరిగి మా ఇంటికి

ఇప్పుడు ఆ మూడు వస్తువుల లెక్క తేల్చవచ్చు. గజలక్ష్మి పలక గుమ్మంలో భాగం, గుమ్మం అమ్మేశాం. గిలక నూతిది, నుయ్యి అమ్మేశాం. ఈ రెండింటిలో మాది తప్పు. ఉయ్యాల దగ్గర మాత్రం బాబాయి వైపు కొంత బలం వుంది. కొక్కేలు దూలానివి, దూలం ఇంటిది. బల్లా గొలుసులూ మనుషులు ఊగడానికి తగిలించినవి, దూలం మేలు కోసం కాదు. అయితే కొక్కేలు వేసి, వసారా కొలతకి బల్ల చేయించి తరతరాలు అక్కడే వుంచితే "ఇంటితో శాశ్వతంగా వాడుకోవడానికి" కాదా అని మాస్టారి తరఫు వకీలు అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు.

ఈ లెక్క వేసుకుని మరుసటి ఆదివారం బాబాయి ఇంటికి వెళ్ళాను. పలక అప్పటికే ఆయన ఫ్లాటు గుమ్మానికి ఎక్కేసింది. "నాకు పాఠం చెప్పడానికొచ్చావా?" అన్నాడు. నా చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పినవాడు ఆయనే. "బాబాయ్, పలకా గిలకా వాళ్ళవి. డబ్బు తీసేసుకున్నాం. ఉయ్యాల సంగతి నేను మాస్టారిని బతిమాలి అడుగుతాను" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత స్టూలు వేసుకుని, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా, పలక తానే విప్పి పాత దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. ఆ తరువాత ఏడాది పాటు నాతో సరిగా మాట్లాడలేదు.

పలకా గిలకా పట్టుకెళ్ళి మాస్టారికి అప్పగించి, ఉయ్యాల మాట ఎత్తాను. ఆయన వాళ్ళావిడ వైపు చూశారు. ఆవిడే అన్నది: "మీ మామ్మగారిది కదా, వుంచుకోండి. కొక్కేలు వదిలేశారుగా, మేం వేరే వేయించుకుంటాం." నా సెక్షన్లు సంచిలోనే వుండిపోయాయి. ఆవిడ ఇచ్చింది హక్కు కాదు, మర్యాద. మేం ముందే ఒక కాగితం ముక్క రాసివుంటే, ఆ మర్యాదని అడుక్కోవలసిన అవసరం మాకు వుండేది కాదు, మా బాబాయికి నాకూ మధ్య ఆ ఏడాది ఎడం వుండేది కాదు.

కాబట్టి మిత్రులారా, మీరు రేపు ఇళ్ళు కొంటారు, అమ్ముతారు, కొందరు వకీళ్ళయి ఇతరుల దస్తావేజులు రాస్తారు. చట్టం వేసే ప్రశ్న ఒక్కటే గుర్తుంచుకోండి: ఇది ఇంటి కోసం పెట్టిందా, మన కోసం పెట్టుకున్నదా? జవాబు తేలిగ్గా తేలితే సరే. తేలకపోతే, అది మీకు ప్రియమైన వస్తువన్నమాట. ఆ వస్తువు పేరు బయానాకి ముందు పైకి చెప్పండి, కాగితం మీద పెట్టండి. కొనేవారు ఇల్లు చూడ్డానికి రాకముందే దాన్ని తీసి పక్కన పెట్టగలిగితే ఇంకా మంచిది. చూడని ఉయ్యాల మీద ఎవరికీ ఆశ పుట్టదు.